గీత తప్పలేదు

జోగయ్యకి జీపీఎస్ డబ్బా అంటే ఒళ్లుమంట. మత్స్యశాఖ వాళ్లు ఇస్తున్నారని కొడుకు కొండబాబు ఒకటి తెచ్చిపెడితే ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా అటకెక్కించేశాడు. ఆకాశంలో తిరిగేదానికి నా వల సంగతి ఏటి తెలుస్తాది అనేవాడు. కళింగపట్నం లైటుహౌసుకి దక్షిణంగా ఉన్న ఆ పేటలో అరవై దాటినా వేట మానని మనిషి అతనొక్కడే. ఈ రోజు సముద్రంలో వల వేసి ఇంటికొచ్చి పడుకుని, రేపు వెళ్లి సరిగ్గా అక్కడే ఎత్తగలడు. ఎలాగంటారా? ఒడ్డు మీద గుర్తులు పెట్టుకుంటాడు. ముందు లైటుహౌసు, దాని వెనకాల శాలిహుండం కొండ కొన. రెండూ ఒకదాని వెనక ఒకటి కుదురుగా కూర్చున్నాయా, పడవ గీత మీద ఉన్నట్టు. కొండ కాస్త పక్కకి జరిగి కనిపించిందా, నీరు పడవని లాగేసినట్టు. అటు పక్క ఇలాంటిదే ఇంకో జత. ఇంతే విద్య. తాతలనాటి నుంచీ పేటకి అన్నం పెట్టిన విద్య.

ఆ విద్యని అతని కోడలు నీలవేణి లదాఖ్ కొండల్లోకి పట్టుకుపోయింది.

నీలవేణి పరాయి పిల్ల కాదు, జోగయ్య చెల్లెలి కూతురే. పేట నుంచి విశాఖపట్నం వెళ్లి రాళ్ల చదువు చదివి, అక్కడే పరిశోధనలో చేరిన మొదటి మనిషి. అంత చదివీ బావ కొండబాబునే చేసుకుంటానని కూర్చుంటే పేట మొత్తం నోరెళ్లబెట్టింది. ఆమె పని ఏమిటో చెప్పమంటే ఇలా చెప్పేది. అంగారకుడి చుట్టూ తిరిగే నౌకలు తీసిన ఫొటోల్లో కొండచరియల కింద నాలుకల్లా సాగిన రాళ్ల మేటలున్నాయి. పైకి కనపడేది రాళ్లూ దుమ్మూ. లోపల మంచుగడ్డ ఉందంటారు. మంచు ఉంటే నీళ్లున్నట్టే. కానీ అది ఎంత మందాన ఉంది, ఎలా పాకుతుంది, పైనున్న రాళ్లు ఎంతకాలం దాన్ని కాపాడతాయి? వెళ్లి తవ్వి చూసేవాడు లేడు. అందుకని భూమ్మీదే అలాంటి నాలుకలున్న చలికొండలు వెతుక్కుని, ఇక్కడి దాన్ని కొలిచి అక్కడి దాన్ని తెలుసుకోవాలి.

ఇదంతా విని జోగయ్య ఒక్క మాటలో తేల్చేశాడు. ఐసు ఫ్యాక్టరీలో గడ్డల మీద ఊక కప్పుతారే, అదన్నమాట. నీలవేణి ఆ మాటని ఢిల్లీ సభల్లో కూడా వాడుకుంది. అత్త తాతమ్మకి మాత్రం ఈ గొడవ ముందునుంచీ గిట్టలేదు. పెళ్లినాడు జాతకం చూపిస్తే కుజదోషం లేదన్నారు, ఇది ఆ కుజుణ్ణే వెతుక్కుంటూ పోయి కొంపకి తెచ్చుకుంది అని పేటలో చెప్పుకుని నవ్వేది. ఈ ఆగస్టులో ఆ నవ్వు ఆగిపోయింది.

ఎందుకంటే ఈసారి లదాఖ్‌లో అలాంటి రాళ్ల నాలుక మీద కాలు జారి చీలమండ విరగ్గొట్టుకున్నది నీలవేణి. గుర్రం మీద కిందికి దించి, విమానమెక్కించి పంపిస్తే, కట్టుతో వచ్చి పేటలో కూర్చుంది. పైన ఉండిపోయినవాడు కొండబాబు. మూడేళ్లుగా ప్రతి ఆగస్టులో ఆమె వెంట వెళ్లి గుడారాలు కట్టడం, తాళ్లు లాగడం, వాతావరణం కనిపెట్టడం అతని పని. ఇంకో పన్నెండు రోజులు కొలతలు తీయకపోతే ఈ ఏడాది కొలతలన్నీ వృథా అవుతాయని ఆమే అంది. అనకపోయినా బాగుండేది. నీ బదులు నేనుంటాను, నువ్వెళ్లు అన్నాడు. తోడుగా వినోద్ అనే కుర్ర పరిశోధకుడు ఉన్నాడు. సామాను చేరవేసే స్టాంజిన్ కింది ఊళ్లో ఉంటాడు, పన్నెండో రోజు గుర్రాలతో వస్తాడు. ఈ మధ్యలో ఆ లోయలో మరో మనిషి పురుగు లేదు.

గుడారం నాలుక మీదే వేశారు. చోటు ఎంచింది నీలవేణే. ఏడాదికి రెండు మూరలు పాకే నేల అది, దాని మీద నెలరోజులు పడుకుంటే ఏమవుతుందని అనుకుంది. అయినా ఎందుకైనా మంచిదని ఒక కాపలా పెట్టుకున్నారు. నేల కదలికని కొలిచే యంత్రం ఒకటి ఉన్నా దాని లెక్క విశాఖ వచ్చాక గానీ తేలదు కాబట్టి, కొండబాబు తండ్రి విద్యనే అక్కడ దించాడు. గుడారం ముందున్న పలకరాయి మీద నిలబడి లోయ అవతలకి చూస్తే ఎదుటి కొండ కింద సున్నం పూసిన బండ. దాని వెనక నల్లటి శిఖరం. రెండూ గట్టి రాతికొండలో భాగాలు, ఎక్కడికీ పోవు. వాటి గీత తప్పిందంటే గుడారం ఉన్న నేల జారుతున్నట్టు. రోజూ పొద్దున్నా సాయంత్రమూ చూడాలి.

శాటిలైట్ ఫోను ఒకటుంది. ఎండకి నిండే బ్యాటరీ మబ్బుల వల్ల నిండక, సాయంత్రం ఆరింటికి పది నిమిషాలు మాత్రం తెరవాలని ఒప్పందం. రోజూ ఆరింటికి అరుగు మీద కూర్చున్న నీలవేణి చేతిలో ఫోను మోగేది. మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "గీత తప్పనేదు." అది వింటే ఆమెకి ఆ పూటకి అన్నం దిగేది. తర్వాత రెండు మాటలు తల్లితో, రెండు మాటలు తండ్రితో మాట్లాడి పెట్టేసేవాడు. ఆ లదాఖ్‌లో ఎప్పుడూ లేనట్టు నాలుగు రోజులుగా వాన పడుతోందని, చలి కూడా పెద్దగా లేదని చెప్పాడు. శనివారం నాడు ఇంకో మాట అన్నాడు. గుడారం తాళ్లు రోజురోజుకీ బిగిసిపోతున్నాయట, సితారు తీగల్లా మోగుతున్నాయట. వానకి తడిసి బిగుసుకుని ఉంటాయిలే అని నవ్వేసింది నీలవేణి.

ఆదివారం పొద్దున్న పేటలోనూ వానే. తాతమ్మ కొడుకు పేరు మీద అరసవల్లి వెళ్లింది, సూర్యనారాయణమూర్తికి మొక్కు చెల్లించడానికి. ఎనిమిదింటికి జోగయ్య తడిసి ముద్దై వల తెచ్చి అరుగు ముందు పడేశాడు. రెండు బుట్టల కవ్వళ్ల చేపలు పడ్డాయి, మనిషి హుషారుగా ఉన్నాడు. పడమట చూస్తే శాలిహుండం కొండ లేదు. మబ్బు మింగేసింది. ఊరికే, మాటకి మాటగా అడిగింది నీలవేణి.

"మావా, కొండ అగుపడకపోతే వల ఎలాగ దొరికింది?"

"కొండ మూసుకుంటే దగ్గరవి పట్టుకుంటాం. లైటుహౌసూ, సర్వితోట సివర తాటిసెట్టూ. ఒడ్డు మీదున్నది ఏదైతేనేటి? ఒడ్డు ఎక్కడికీ పోదు కదా." వల దులుపుతూ అతను ఇంకో మాట కలిపాడు. "నీ మొగుడూ అదే సేస్తన్నాడు. ఎదర కొండ మబ్బులో పోయింది నాన్నా, దగ్గరవి పట్టీసేను అని మంగళారం నాడే సెప్పేడు."

నీలవేణి టీ గ్లాసు కింద పెట్టేసింది. ఏవి పట్టాడని అడిగింది. జోగయ్య గుర్తు తెచ్చుకుని చెప్పాడు. గుడారానికి దగ్గర్లో ఎర్రజెండా కట్టిన ఇనప కమ్మీ ఉందట, దాని వెనక ఏనుగంత బండ ఉందట. ఆ రెండూనట.

ఎర్రజెండా కమ్మీని దిగ్గొట్టింది నీలవేణే. ఏనుగు బండకి ఆ పేరు పెట్టిందీ ఆమే. రెండూ నాలుక మీద ఉన్నాయి. పలకరాయి నాలుక మీదే ఉంది. చూసే మనిషి, ముందు గుర్తు, వెనక గుర్తు, మూడూ ఒకే నేల మీద. ఆ నేల మొత్తం జారిపోతున్నా మూడూ కలిసే జారతాయి. పడవ ముక్కునీ తెరచాప కొయ్యనీ గుర్తులు పెట్టుకుని పడవ కదల్లేదు అని చెప్పడమది. ఐదు రోజులుగా గీత తప్పలేదు, గీత తప్పలేదు అని వింటూ ఆమె హాయిగా నిద్రపోయింది.

కొండబాబు తెలివితక్కువవాడు కాదు. పుట్టిందగ్గర్నుంచీ అతని కాళ్ల కింద కదిలింది నీళ్లే. నేల కదులుతుందని ఆమె వందసార్లు చెప్పింది, అతనూ తలాడించాడు. ఏడాదికి రెండు మూరలంటే విన్నాడు. కానీ మబ్బు కమ్మగానే చెయ్యి తనకి తెలిసిన పనే చేసింది. ఒడ్డు మీదున్నది ఏదైనా గుర్తే. అది అతనికి తండ్రితో చెప్పుకునే చిన్న విషయం, పెళ్లాంతో చెప్పాల్సిన కబురు కూడా కాదు.

అప్పుడు గుర్తొచ్చాయి తాళ్లు. గుడారానికి కట్టింది పేట నుంచి పట్టుకెళ్లిన నైలాను తాళ్లే. నైలాను తాడు తడిస్తే వదులవుతుంది గానీ బిగుసుకోదు. ఇది పేటలో చంటిపిల్లలకి కూడా తెలుసు. కొండబాబుకి తెలుసు కాబట్టే వింతగా చెప్పాడు. శాస్త్రవేత్త పెళ్లాం నవ్వేసింది. తాళ్లు బిగిశాయంటే మేకుకీ మేకుకీ మధ్య నేల సాగుతోంది. లోపల మంచు వాన నీళ్లకి కరిగి, పైనున్న రాళ్లు ఊకలాగే జారడానికి సిద్ధంగా ఉన్నాయి. తాను మూడేళ్లుగా కాగితాల మీద రాస్తున్న సంగతే ఇది.

ఎనిమిదిన్నర. ఫోను తెరిచేది సాయంత్రం ఆరింటికి. తొమ్మిదిన్నర గంటలు.

విశాఖలో తన పైఅధికారి మురళీమోహన్ గారికి ఫోన్ చేసింది. ఆయన మొదట తేలిగ్గానే తీసుకున్నారు. మూడేళ్ల లెక్కల్లో రోజుకి బియ్యపు గింజంత కూడా లేదు కదమ్మా అన్నారు. తాళ్ల సంగతి చెప్పేసరికి మళ్లీ చేస్తానని పెట్టేశారు. తర్వాత లదాఖ్‌లో తెలిసినవాళ్లందరికీ చేసి, మబ్బు విడిచే దాకా హెలికాప్టర్ లేవదని తిరిగి చెప్పారు. స్టాంజిన్ ఫోను మధ్యాహ్నం దాకా తగల్లేదు. పన్నెండింటికి తగిలింది. అతను వచ్చీరాని హిందీలో అన్నీ విని, ఈ క్షణమే బయల్దేరతాను, కానీ వాగులు పొంగాయి, రేపు పొద్దుటికి ముందు చేరలేను అన్నాడు. చేతిలో ఇంక ఏమీ మిగల్లేదు, ఆరింటి దాకా కూర్చోవడం తప్ప.

కూర్చోవడమంత కష్టమైన పని ఆమె జీవితంలో చేయలేదు. గోడ గడియారం చూడకూడదనుకుంటే ఫోనులో టైము చూసేది. లాప్‌టాప్ తెరిచి ఆ లోయ ఫొటోలు పెట్టుకుంది. ఎడంపక్క లదాఖ్, కుడిపక్క అంగారకుడు. రెండూ అక్కచెల్లెళ్లలా ఒకే పోలిక. ఇన్నాళ్లూ ఆ పోలిక చూసి మురిసిపోయింది, సభల్లో చూపించి చప్పట్లు కొట్టించుకుంది. ఇప్పుడు ఎడంపక్క దాని మీద ఆవగింజంత నారింజ రంగు గుడారం కనిపిస్తోంది. అంగారకుడి మీద నాలుక జారితే ఎవడి కొంపా కూలదు. ఇక్కడ దాని మీద బావ ఉన్నాడు. చూడలేక మూత పెట్టేసింది.

జోగయ్యకి సగమే అర్థమైంది. కొడుక్కి ఏదో ముప్పని తెలిసింది. నేల జారిపోతుందన్న మాట మాత్రం అతని బుర్రలోకి దిగలేదు. అయినా కోడలి మొహం చూసి తిండి మానేసి, చిరిగిన వల ముందేసుకుని అరుగు మీదే కూర్చున్నాడు. ఒక్క ముడి కూడా వేయలేదు.

మూడింటికి తాతమ్మ ప్రసాదంతో దిగింది. ఇద్దరి మొహాలూ చూసింది. ఏమైందని అడిగితే ఏమీ లేదన్నారు. ఆవిడ మరి అడగలేదు. ప్రసాదం కోడలి చేతిలో పెట్టి, ఇంకో చిటికెడు గుమ్మానికున్న కొడుకు చొక్కా జేబులో వేసి, లోపలికెళ్లి దీపం పెట్టుకుంది.

ఆరు కొట్టింది. ఫోను మోగలేదు. ఆరూ రెండు. ఆరూ నాలుగు. ఆరూ ఐదుకి మోగింది.

"గీత తప్పనేదు" అన్నాడు కొండబాబు. గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది, మధ్యలో తెగుతోంది. వినోద్‌కి జ్వరమట. ఎదుటి కొండ ఇంకా మబ్బులోనే ఉందట.

నీలవేణి ఒక్క గుక్కలో చెప్పేసింది. జెండా, బండ, గుడారం మూడూ ఒకే నేల మీద ఉన్నాయి బావా, ఆ గీత లెక్కలోకి రాదు, ఇప్పుడే గుడారం వదిలేసి పక్కనున్న రాతికొండ ఎక్కెయ్యండి. అవతల మాట తెగింది. మళ్లీ వచ్చింది. ఏమిటంటున్నావని అడిగాడు. మళ్లీ చెప్పింది. ఈసారి విన్నాడు, కానీ విన్నది తలకెక్కలేదు.

"గట్టు కదుల్తాదేటే?" అన్నాడు. "నీకు కాలిరిగి భయం పట్టుకున్నాది. పిల్లోడికి ఒళ్లు కాలిపోతంది. ఈ వానలో బయటికెలాగ ఈడుస్తాను? నీ యంత్రమొకటి ఉన్నాది కాదా, దాన్నొగ్గీలేను. తెల్లారనీ, సూద్దాం."

తెల్లారనిస్తే ఎలా? ఆమె మంచూ నీళ్లూ ఊకా అంటూ ఏదేదో చెబుతోంది, ఇంగ్లీషు మాటలు దొర్లుతున్నాయి, గొంతు కీచుగా పోతోంది. ఎంత చెబితే అంత భయస్తురాలిలా వినపడుతోందని ఆమెకే తెలుస్తోంది. ఆరూ తొమ్మిది. పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి ఫోను తీసుకుంది.

పేటలో ఒక మాట ఉంది. గాలివాన ముంచుకొచ్చినప్పుడు పడవ మీద పెద్దవాడు మాత్రమే అనాల్సిన మాట. వల అంటే ఇంటిల్లిపాది తిండి, దాన్ని సముద్రంలో కోసేసి వచ్చినవాడు మళ్లీ లేవడానికి ఏళ్లు పడుతుంది. అందుకని ఆ మాట ఎవరూ ఊరికే అనరు. అన్నాక ఎందుకని ఎవరూ అడగరు. జోగయ్య తన జన్మలో ఒక్కసారే అన్నాడు, పెద్ద తుపాను నాడు. పక్క పడవలో ఉన్న తమ్ముడు గంగులు ఎందుకన్నయ్యా అని అడిగాడు. ఆ అడిగినంతసేపట్లో వాడి పడవ తిరగబడింది. ఆ తర్వాత జోగయ్య ఇంట్లో ఆ మాట ఎవరి నోటా రాలేదు.

"ఒరే కొండా" అన్నాడు జోగయ్య. "వల కోసీ."

అవతల గాలి చప్పుడు.

"కోసీమంటావా నాన్నా?"

"కోసీ."

ఫోను తెగిపోయింది. గడప దగ్గర తాతమ్మ నిలబడి ఉంది. ఆ మాట ఆవిడ విన్నది. మరిది శవం దొరకని రోజు చూసిన మనిషి. వెనక్కి వెళ్లి దీపంలో మళ్లీ నూనె పోసింది.

తర్వాత జోగయ్య కోడలి వైపు తిరిగి, చాలా నెమ్మదిగా అడిగాడు. నేల కదలడం నిజమేనా, నీకు గట్టిగా తెలుసా అని. నీలవేణికి గట్టిగా తెలియదు. తెలిసింది తాళ్ల సంగతి ఒక్కటే. రేపు ఆ నేల ఎక్కడిదక్కడే ఉంటే, జ్వరంతో ఉన్న పిల్లాణ్ణి రాత్రంతా కొండ మీద వానలో కూర్చోబెట్టి తానే చంపినట్టవుతుంది. జారితే, చోటు ఎంచింది తానే. ఎటు చూసినా తనే. తెలుసు మావా అంది. అబద్ధమో నిజమో ఆ క్షణంలో ఆమెకే తెలియదు.

సోమవారం పొద్దున్న ఫోను లేదు. స్టాంజిన్ ఫోను పలకలేదు, ఆ పై లోయలో ఎలాగూ పలకదు. సాయంత్రం ఆరింటికి ముగ్గురూ అరుగు మీద కూర్చున్నారు. ఆరూ పది దాటింది. ఆరున్నర దాటింది. నీలవేణి ఇటునుంచి చేస్తే ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ఏదో చెప్పి పెట్టేసింది. పక్కిళ్ల ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తాతమ్మ చుట్టూ చేరారు. ఎవరూ ఏడవలేదు. ఏడిస్తే నిజమైపోతుందని ఆ పేటలో భయం. ఆ రాత్రి ఇంట్లో దీపం ఆర్పలేదు.

మంగళవారం పదకొండింటికి తెలియని నెంబరు నుంచి ఫోనొచ్చింది. ఎత్తడానికి నీలవేణికి చెయ్యి రాలేదు. జోగయ్య ఎత్తి, ఆమె చెవి దగ్గర పెట్టాడు.

"నీలా" అన్నాడు కొండబాబు.

ఆమెకి ఏడుపొచ్చేసింది. ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనుకోలేదు. తాతమ్మ ఫోను లాక్కుని వాడి పేరు పదిసార్లు పిలిచి, పదిసార్లూ పలికాక గానీ తిరిగి ఇవ్వలేదు.

అతను స్టాంజిన్ ఊళ్లో ఉన్నాడు. వినోద్ ఆసుపత్రిలో ఉన్నాడు, బాగానే ఉన్నాడు. జరిగింది చెప్పాడు. తండ్రి మాట చెవిన పడగానే మరేమీ ఆలోచించలేదట. పిల్లాణ్ణి దుప్పటితో సహా వీపున కట్టుకుని, కొలతల పుస్తకం చొక్కాలో దోపుకుని, పక్కనున్న రాతికొండ ఎక్కి ముందుకి పొడుచుకొచ్చిన రాతి చట్టు కింద కూర్చున్నాడు. ఫోనూ యంత్రమూ గుడారంలోనే ఉండిపోయాయి. రాత్రంతా వాన. తెల్లవారి చూస్తే కింద మంచుపొగలోంచి గుడారం, ఎర్రజెండా, ఏనుగు బండ కనిపించాయి. మూడూ ఎప్పటిలాగే వరసలో ఉన్నాయి. అయ్య అనవసరంగా వల కోయించాడని ఒళ్లు మండిందట. పిల్లాడికి మందు తేవాలి, యంత్రం తేవాలి. లేచి దిగడం మొదలుపెట్టాడు. పాతిక అడుగులు దిగాడు.

అప్పుడు మబ్బు విడిచింది. ఆరు రోజుల తర్వాత ఎదుటి కొండ కనపడింది. సున్నం బండ కనపడింది, నల్ల శిఖరం కనపడింది. వాటికి ఎదురుగా ఉండాల్సిన గుడారం అక్కడ లేదు. రెండు పడవల నిడివి కిందికి దిగిపోయి ఉంది.

"గీత తప్పనేదే" అన్నాడు. "మూడూ సక్కగా వరసలోనే ఉన్నాయి. వరస వరసే దిగిపోయింది. నేను రోజూ దాని మీద నిలబడి నీకు బాగుందని సెప్పేను."

నిలబడిపోయి చూస్తూనే ఉన్నాడట. ఎంతసేపో తెలియదు. కాసేపటికి కింద చప్పుడైంది. పెద్ద చప్పుడేమీ కాదు, ఫ్యాక్టరీలో ఊక బస్తా ఒంపినట్టు. గుడారం, జెండా, ఏనుగంత బండ, పలకరాయి అన్నీ కలిసి లోయలోకి వెళ్లిపోయాయి. మిగిలిన చోట నల్లటి మంచుగడ్డ బయటపడి, దాని మీంచి నీళ్లు కారుతున్నాయి. తిరిగి చట్టు దగ్గరికి ఎక్కిపోయి, మధ్యాహ్నానికి స్టాంజిన్ గుర్రాలతో వచ్చేదాకా అక్కణ్ణుంచి కాలు కింద పెట్టలేదు. గట్టి రాయే అని తెలిసినా పెట్టలేకపోయాడు.

మురళీమోహన్ గారు ఆ సాయంత్రం ఫోన్ చేశారు. మనుషులు బతికినందుకు సంతోషించి, ఆ తర్వాత కొంచెం సిగ్గుపడుతూనే, అలాంటి జారుడు ఇంత దగ్గర్నుంచి చూసినవాళ్లు చాలా తక్కువమంది, అంగారకుడి ఫొటోల్లో మనకి అర్థంకాని ఆ చీలికలు ఇవే అయ్యుంటాయి, కొండబాబు చెప్పింది మాట మాటా రాసిపెట్టమ్మా అన్నారు. రాస్తానంది. ఆ రోజు రాయలేదు.

వారానికి కొండబాబు ఇల్లు చేరాడు. తాతమ్మ మళ్లీ కుజుడి మీద కోపం తెచ్చుకుని తిట్టడం మొదలుపెట్టింది. ఇల్లు మామూలు ఇల్లైంది.

ఒక్క జోగయ్యే మామూలు కాలేదు. వాన వెలిసిన ఒక పొద్దున్న వేట నుంచి వచ్చి, వల దించకుండా అరుగు పక్కన నిలబడ్డాడు. ఆకాశం కడిగినట్టుంది. పడమట శాలిహుండం కొండ చెట్టూ పుట్టతో సహా కనిపిస్తోంది. దాని వైపే చూస్తూ అడిగాడు.

"నీలా. మన కొండ ఉంటాది కదా?"

అది రాతికొండ. లోపల మంచు లేదు, పైన ఊక లేదు. నీలవేణి చదివిన చదువంతా అది కదలదనే చెబుతోంది. ఆ చదువే గుడారానికి చోటు కూడా ఎంచింది. నోరు తెరిచిన తర్వాత మాట రావడానికి కొంచెంసేపు పట్టింది.

"ఉంటాది మావా" అంది.

అతను తలాడించాడు. ఆ కొంచెంసేపు అతనూ చూశాడు.

మర్నాడు తెల్లవారుజామున పడవ వెళ్లిపోయాక, తాతమ్మ బియ్యం డబ్బా కోసం నిచ్చెన వేసుకుని అటకెక్కింది. జీపీఎస్ డబ్బా అక్కడ లేదు. చింపిన ప్లాస్టిక్ కవరు మాత్రం ఉంది.